పిల్లి అడుగుల చప్పుడు

మా నాన్న జన్మలో పిల్లిని పెంచలేదు. పిల్లి పక్కనుంచి పోయినా చాలు, ఆయనకు తుమ్ములే తుమ్ములు. అయినా మా వీధిలో ఆయన్ని పిల్లి తాత అంటారు. అసలు పేరేమిటని అడిగితే పక్క దుకాణం వాళ్ళు కూడా కాసేపు బుర్ర గోక్కుంటారు. స్టూడియో బోర్డు మీద ఆ పేరు ఉంది కానీ, దాని మీద దుమ్ము కూడా ఉంది.

ఆయన ఫొటోగ్రాఫరు. ఏడాది పొడుగునా చేసేది గుర్తింపు కార్డుల ఫొటోలు. గడ్డం కాస్త పైకి, చెవులు రెండూ కనపడాలి, నవ్వొద్దు, అయిపోయింది, తర్వాతి వాళ్ళు రండి. పెళ్ళిళ్ళు ఒప్పుకోడు. పెళ్ళిలో ఎవడూ నా మాట వినడు అంటాడు. కానీ ఏడాది చివర సెలవులు వచ్చాయంటే మాత్రం ఆయన వేరే మనిషి.

ఆ రోజుల్లో వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా సీరియల్ బల్బులు కడతారు. మా గుమ్మం ముందు నాన్నే స్టూలెక్కి కడతాడు, ఇంకొకరిని ముట్టనివ్వడు. పైనుంచి కిందికి వేలాడే పసుపు బల్బుల తెర అది. దాని ముందు ఒక పీట. బల్బులన్నీ వెనకే ఉంటే పిల్ల మొహం మసిబొగ్గవుతుందని, కొన్ని తీగల్ని పీట ముందుకు లాగి, మొహం మీద కాస్త వెలుగు పడేలా కడతాడు. పొద్దు కుంకాక ఆకాశంలో ఇంకా నీలం మిగిలున్న ఆ కాసేపే ఆయన పని. ఆ నీలం కూడా పోయి ఆకాశం తారుడబ్బా అయ్యాక, ఎంత పెద్దమనిషి పిల్లల్ని తెచ్చినా రేపు రండి అంటాడు.

ఫ్లాష్ ముట్టడు. ఫ్లాష్ కొడితే పిల్ల మొహం సున్నం కొట్టిన గోడ, వెనక దీపాలు ఆర్పేసిన అగ్గిపుల్లలు అని ఆయన సిద్ధాంతం. ఇప్పుడు అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి, నిజమే. ఆ మసకలో ఫోనుతో తీసి చూసుకుంటే తమ పిల్లలు మైదాపిండితో చేసినట్టు కనపడతారు, మళ్ళీ మా గుమ్మంలోకే వస్తారు. నాన్న కెమెరాను స్టాండు మీద బిగిస్తాడు. చేత్తో నొక్కితే అదురుతుందని దానికో తీగ, తీగ చివర ఒక బటన్. వెలుతురు తక్కువ కాబట్టి కెమెరా కన్ను కాస్త ఎక్కువ సేపు తెరుచుకుని ఉండాలి. అంతసేపూ పిల్ల కదలకూడదు. కదిలిందా, ముక్కొక చోట, మూతొక చోట.

కదలకు అంటే కదలని పిల్ల ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఆ మాట చెవిన పడగానే వాళ్ళకు ముక్కు దురద పెడుతుంది, జోడు ఊడిపోతుంది, ఎక్కడలేని దాహం వేస్తుంది. అరిచినకొద్దీ ఎక్కువ కదులుతారు. అందుకని నాన్న అరవడు. కెమెరా పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, బటన్ పిడికిట్లో దాచుకుని, గొంతు తగ్గిస్తాడు. ఇంకా తగ్గిస్తాడు. అది గొంతో గాలో తెలియనంత తగ్గించి అంటాడు:

“ష్... పిల్లి వస్తోంది. అడుగుల చప్పుడు విను.”

అంతే. ఊగుతున్న కాళ్ళు ఆగిపోతాయి. ఊపిరి ఆగుతుంది. కళ్ళు పెద్దవై, ఒళ్ళంతా చెవులవుతాయి. అప్పుడు నొక్కుతాడు. పిల్లి అడుగులకు చప్పుడుండదన్న సంగతి పిల్లలకు తెలియదో, తెలిసినా ఆ క్షణంలో గుర్తుండదో మరి. ఫొటో అయ్యాక తేరుకుని, పిల్లేదీ అని అడుగుతారు. దారిలో ఉంది అంటాడు.

స్టూడియో లోపల ఒక గోడ నిండా ఆ ఫొటోలే. చొక్కాలు వేరు, గౌన్లు వేరు, మొహం మాత్రం అందరిదీ ఒకటే, వింటున్న మొహం. మా వీధి మీదుగా బస్సు నడిపే డ్రైవరు కూడా ఆ గోడ మీద నిక్కరులో ఉన్నాడు. ఇప్పుడు తన కొడుకుని తీసుకొస్తాడు. వచ్చినప్పుడల్లా, “ఇంకా రాలేదా తాతా నీ పిల్లి?” అని అడుగుతాడు. “నువ్వు స్టాపులో బస్సు ఆపితే కదా ఎక్కుతుంది!” అంటాడు నాన్న.

ఈ పని వల్ల మా ఇంట్లో ఒక లెక్క స్థిరపడిపోయింది. కదలని పిల్లంటే వింటున్న పిల్ల. చిన్నప్పుడు నేను పళ్ళెం ముందు కూర్చుని గోడకేసి చూస్తూ ఉండిపోతే, “ఏం వింటున్నావే?” అనేది అమ్మ. ఏం చూస్తున్నావని అనేది కాదు.

నా కూతుర్ని అందరం గువ్వ అని పిలుస్తాం. పుట్టినప్పటి నుంచీ గొడవ చేయని పిల్ల. ఉయ్యాల్లో వేస్తే కళ్ళు తెరుచుకుని కదలకుండా పడుకునేది. తలుపు దభీమని కొట్టుకున్నా ఉలిక్కిపడేది కాదు. నాన్న ఉయ్యాల మీదికి వంగి, “చూడండే, ఎంత శ్రద్ధగా వింటోందో! నా పిల్లి కోసమే పుట్టింది ఇది” అని మురిసిపోయేవాడు. మేమూ మురిసిపోయాం. ఇంకెవరింట్లో అయినా అనుమానం వచ్చి ఉండేదేమో. మా ఇంట్లో రాలేదు.

నాన్న ఆ మురిపెంలోనే గోడ మీద సరిగ్గా కళ్ళెదురుగా ఒక మేకు కొట్టాడు. అది గువ్వకు. పీట మీద కూర్చునే వయసు వచ్చాక దాని ఫొటో అక్కడ తగిలించాలి. మేకు ఊరికే ఉండటం చూడలేక అమ్మ దానికి గొడుగు తగిలించేది. మూడేళ్ళు నిండిన ఏడాది సెలవులకు గొడుగు దిగాలని మాట.

గువ్వకు వినపడదు.

ఆ సంగతి అదే ఏడాది వానాకాలంలో తెలిసింది. మాటలు రావడం లేదని తీసుకెళితే, ముందు చెవులు చూపించమన్నారు. గోడలకు పరుపులు అంటించినట్టున్న గది అది. గువ్వను నా ఎదురుగా చిన్న కుర్చీలో కూర్చోబెట్టారు. పరీక్ష చేసే అమ్మాయి దాని వెనక నిలబడి గిలక్కాయ ఆడించింది. తర్వాత గంట మోగించింది. తర్వాత రెండు చెక్కలు తీసుకుని టపామని కొట్టింది. నేను ఉలిక్కిపడ్డాను. గువ్వ కదల్లేదు. ఎంత బుద్ధిగా వింటోందో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. అన్నీ అయ్యాక ఆ అమ్మాయి నా ఎదురుగా వచ్చి కూర్చుంటే, నేనే ముందు అన్నాను:

“అస్సలు కదలకుండా కూర్చుంది కదండీ?”

“అవునండీ,” అంది ఆ అమ్మాయి. చేతిలో చెక్కలు పక్కన పెట్టి, “అస్సలు కదల్లేదు” అంది.

అప్పుడు నాకేమీ అనిపించలేదు. తర్వాత కూడా అనిపించలేదు. పంటి డాక్టరు సూది వేశాక బుగ్గ ఉంటుంది చూడండి, ముట్టుకుంటే చేతికి తెలుస్తుంది కానీ బుగ్గకు తెలియదు, మనిషినంతా అలాగే ఉన్నాను. నేను ఒక బట్టల షాపులో ప్యాంట్ల పొడుగు తగ్గించే పని చేస్తాను. ఒకరోజు మిషను సూది చూపుడు వేలులో దిగింది. నొప్పి కంటే ముందు ప్యాంటు మీద ఎర్రమచ్చ కనపడింది. అయ్యో మచ్చ పోదేమో, షాపు ఓనరు ఏమంటాడో అని దాని గురించే ఆలోచించాను. నొప్పి వస్తుందేమోనని చూశాను, రాలేదు.

మా ఆయన ఏడ్చాడు. స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాడు. నేను తలుపు బయట నిలబడి, నీళ్ళు వృథాగా పోతున్నాయి అనుకున్నాను. చెవికి యంత్రం పెడితే కొంత వినపడొచ్చన్నారు. ఎంత అంటే చెప్పలేమన్నారు. సెలవులయ్యాక రమ్మన్నారు. సరే అన్నాను. సరే అనడం ఒక్కటే నాకు బాగా వచ్చేది ఆ రోజుల్లో.

మా ఆడపడుచుకు మా ఆయనే చెప్పాడు. ఆవిడ చెడ్డ మనిషేం కాదు, నోరు మాత్రం ఇల్లెగిరిపోయేంత. గువ్వ ఆవిడ పౌడరు డబ్బా ఒలకబోస్తే వీపు మీద ఒక్కటేసి, ఆ తర్వాత ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. సంగతి తెలిసిన మర్నాడు వచ్చింది. తల ఒక పక్కకు వాల్చి గువ్వను చూసింది. గువ్వ మంచి కప్పు ఒకటి కావాలనే కింద పడేసింది, పడేసి ఆవిడ మొహంలోకి చూసింది, తిట్టు కోసం. ఆవిడ తిట్టలేదు. “పోనీలేమ్మా, పాపం” అని చాక్లెట్ ఇచ్చింది. కప్పు పోయినందుకు కాదు గానీ, అది నాకు నచ్చలేదు. పక్కింటావిడకు తెలిసింది, ఆవిడ తల కూడా పక్కకు వాలింది. మా ఆయన తల కూడా అప్పుడప్పుడు వాలుతోంది. నాది వాలుతోందేమోనని అద్దంలో చూసుకునేదాన్ని. అందులో ఏమీ కనపడేది కాదు.

అందుకే మా నాన్నకు చెప్పలేదు. అమ్మకూ చెప్పలేదు, అమ్మకు చెబితే నాన్నకు చెప్పినట్టే. గువ్వను గువ్వలాగే చూసే కళ్ళు లోకంలో ఇంకో జత మిగిలున్నాయి, అవి మా నాన్నవి. స్టాండు కాలు పట్టుకుని లాగితే, “ఏయ్ దొంగా!” అని పరిగెత్తుకొచ్చే మనిషి. ఆయన తల కూడా పక్కకు వాలితే ఇక నాకు ఎటు చూడాలో తెలియదు. నాకు ఇంకేమీ అనిపించకపోయినా, ఈ ఒక్క భయం మాత్రం గట్టిగానే ఉండేది.

మాటలు రాలేదేమని ఎవరైనా అడిగితే అమ్మే సర్దిచెప్పేది. “మన ఇంట్లో అందరికీ మాటలు ఆలస్యమే. మీ నాన్న నాలుగేళ్ళకు నోరు విప్పాడట. ఇప్పటికీ సగమే విప్పుతాడు” అనేది. నేను సరే అనేదాన్ని.

సెలవులు వచ్చాయి. బల్బుల తెర వేలాడింది. గువ్వను ఎప్పుడు తెస్తావని నాన్న రోజూ అడిగాడు. జలుబు చేసిందన్నాను. జలుబు ఫొటోలో పడదన్నాడు. గౌను కుట్టలేదన్నాను. నీ పనే అది కదే అన్నాడు. ఇక తప్పక ఒకరోజు బయల్దేరుతుంటే, మా ఆయన గోడౌన్ డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

“ఇవాళ ఎలాగూ తెలిసిపోతుంది. ముందే చెప్పేయరాదూ?”

“నువ్వెళ్ళి బస్తాలు లెక్కపెట్టుకో. నా సంగతి నేను చూసుకుంటాను,” అన్నాను.

నా దగ్గర ఒక ఉపాయం ఉంది. అరచెయ్యి ఎత్తి చూపిస్తే గువ్వ ఆగుతుంది. రోడ్డు దాటేటప్పుడూ, పొయ్యి దగ్గరా మా ఇద్దరికీ అదే భాష. కెమెరా వెనక నిలబడి, నాన్న గుసగుసలాడే వేళకు సరిగ్గా చెయ్యెత్తితే గువ్వ ఆగుతుంది. పిల్లికే ఆగిందని నాన్న అనుకుంటాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ, తననెవరూ చూడటం లేదనుకుంటుందట. నా ఉపాయం ఆ బాపతే.

మేం వెళ్ళేసరికి గుమ్మం ముందు నలుగురైదుగురు పిల్లల్నేసుకుని నిలబడి ఉన్నారు. బస్సు డ్రైవరు కూడా కొడుకుతో ఉన్నాడు. నాన్న అందరినీ ఆపేసి, “ముందు మా గువ్వ” అన్నాడు. అమ్మ శాలువా కప్పుకుని గుమ్మంలో కుర్చీ వేసుకుంది. ఆకాశంలో నీలం సరిగ్గా ఆయనకు కావలసినంత ఉంది.

గువ్వను పీట మీద కూర్చోబెట్టాను. ఉయ్యాల్లో అంత నిశ్చలంగా పడుకున్న పిల్ల, అన్ని బల్బుల్ని ఒక్కసారిగా చూసేసరికి నిలవలేకపోయింది. ఒక్కో బల్బునూ వేలితో తాకి చూస్తోంది. వేలు ఎర్రగా వెలిగితే నవ్వుతోంది. నాన్న మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బటన్ పిడికిట్లోకి పోయింది.

“ష్... పిల్లి వస్తోంది. అడుగుల చప్పుడు విను.”

నేను చెయ్యెత్తాను. గువ్వ నావైపు చూడలేదు, పూర్తిగా వెనక్కి తిరిగి బల్బుల తెరలో తల దూర్చింది. నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

“ఆ చెయ్యేమిటే, బస్సు ఆపుతున్నావా?” అంది అమ్మ. డ్రైవరు గట్టిగా నవ్వాడు. నేను వెళ్ళి గువ్వను మళ్ళీ ఇటు తిప్పి కూర్చోబెట్టాను.

పిల్లలు వినకపోతే గొంతు పెంచడం లోకం పద్ధతి. నాన్న పద్ధతి తగ్గించడం. ఈసారి ఇంకా తగ్గించాడు. ఆయన పక్కనే ఉన్న నాకే సరిగ్గా వినపడలేదు. వెనక నిలబడ్డ పిల్లలందరూ ఊపిరి బిగబట్టి పిల్లి కోసం వింటున్నారు. డ్రైవరు కూడా వింటున్నాడు. వీధిలో కదులుతున్నది గువ్వ ఒక్కతే.

అమ్మ ఇక పట్టలేకపోయింది. “ఏమండీ, కాస్త గట్టిగా చెప్పండీ. దానికి వినపడటం లేదు!”

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాననుకుంటాను. మొహం కదిలినట్టు గుర్తు.

నాన్న నవ్వలేదు. బటన్ కింద పెట్టి లేచాడు. నెమ్మదిగా బల్బుల తెర వెనక్కి వెళ్ళాడు. గువ్వ వీపు వెనక నిలబడి, మామూలు గొంతుతో, “గువ్వా” అన్నాడు. గువ్వ ఒక బల్బును ముక్కుకు ఆనించుకుని చూస్తోంది. “గువ్వా” అని కాస్త గట్టిగా అన్నాడు. అది రెండో బల్బు పట్టుకుంది.

నాన్న బల్బుల సందులోంచి నావైపు చూశాడు. నేను తల వంచుకోలేదు. ఎప్పటికైనా చూడాల్సిందే కదా, చూద్దామనుకుని ఆయన మొహంలోకే చూశాను. మారే మొహాలు నాకు బాగా అలవాటయ్యాయి. ముందు కనుబొమలు ముడిపడతాయి, తర్వాత తల పక్కకు వాలుతుంది. నాన్న కనుబొమలు ముడిపడ్డాయి. తల మాత్రం పక్కకు కాదు, పైకి లేచింది. ఆకాశంకేసి చూశాడు. నీలం ఎంత మిగిలిందో చూసుకున్నాడు.

“నువ్వొచ్చి బటన్ పట్టుకో,” అన్నాడు.

“నాకు రాదు నాన్నా.”

“నేను వేలెత్తినప్పుడు నొక్కు. ఊపిరి బిగబట్టి నొక్కు. ఇందులో రాకపోవడానికేముంది?”

ఫొటోల్లో పడటం అంటే నాన్నకు చిరాకు. మా ఇంట్లో ఆయన ఫొటో గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా లేదు. ఆ మనిషి వచ్చి పీట పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. గువ్వ చెయ్యి తీసుకుని, అరచేతిని తన గొంతు మీద ఆనించుకున్నాడు. గువ్వ రెండో చేత్తో మీసం పీకింది. పీకనిచ్చాడు. అప్పుడు మొదలుపెట్టాడు.

“గుర్ర్ర్ర్...”

తిండి తిని ఒళ్ళో పడుకున్న పిల్లి చేసే గురగుర. నాన్న గొంతులోంచి అలాంటి చప్పుడు నేనెప్పుడూ వినలేదు. డ్రైవరు కొడుకు, “నాన్నా, పిల్లి!” అని అరిచాడు. గువ్వ మీసం వదిలేసింది. ఊగుతున్న కాళ్ళు ఆగాయి. నోరు కొద్దిగా తెరుచుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి, చూపు ఎక్కడా లేదు, అరచేతిలోకి వెళ్ళిపోయింది. గోడ మీద అంతమంది పిల్లలకు ఉన్న మొహమే అది. కాస్తయినా తేడా లేదు.

నాన్న వేలెత్తాడు. నేను ఊపిరి బిగబట్టి నొక్కాను. కెమెరా కన్ను తెరుచుకుంది. ఎంతసేపటికీ మూసుకోలేదనిపించింది. బటన్ చల్లగా ఉంది. దాన్ని నొక్కి పట్టుకున్న వేలు, అప్పుడెప్పుడో సూది దిగిన వేలు, ఆ దిగిన చోటే సన్నగా నొప్పి పెట్టింది. తర్వాత టక్‌మని మూసుకుంది.

“ఏం తాతా, వచ్చినట్టేనా పిల్లి?” అన్నాడు డ్రైవరు.

“వచ్చేసింది,” అని నాన్న నేల మీంచి లేస్తూ పెద్దగా తుమ్మాడు.

మిగిలిన పిల్లలందరి ఫొటోలూ తీశాడు. నీలం పోయాక లోపలికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అమ్మ బయట గువ్వకు బల్బులు లెక్కపెట్టి చూపిస్తోంది. నాన్న ఫొటో తెరిచి, గువ్వ కన్ను ఒక్కటే స్క్రీన్ నిండేదాకా పెద్దది చేశాడు. రెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటీ విడిగా కనపడుతున్నాయి.

“ఎప్పట్నుంచి?” అన్నాడు, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

“మాకు వానాకాలంలో తెలిసింది. పుట్టినప్పటి నుంచీ అంతేనట.”

“ఉయ్యాల్లో ఉన్నప్పుడు...” అని ఆగాడు. “వింటోందని అన్నది నేనే.”

“అందరం అన్నాం నాన్నా.”

నాన్న స్క్రీన్ మీది కన్నును కాస్త చిన్నది చేశాడు. తర్వాత ఫొటోను పక్కకు జరిపాడు. గువ్వ చెయ్యి, దాని కింద ఆయన గొంతు. గువ్వ వేళ్ళు స్పష్టంగా ఉన్నాయి. ఆయన గొంతు, మీసం మాత్రం అదిరిపోయి, గీతలు గీతలుగా ఉన్నాయి.

“నేనే కదిలాను,” అన్నాడు.

“నీకు బాధగా లేదా నాన్నా?”

“ఉంది. ఎందుకుండదు? చాలా ఉంది.”

“నాకేమీ లేదు. వానలు పోయి చలి కూడా వచ్చింది. ఒక్కసారి కూడా ఏడవలేదు. నేనసలు తల్లినేనా అనిపిస్తోంది.”

నాన్న కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. “వెలుతురు తక్కువున్నప్పుడు ఫొటో పడటానికి టైం పడుతుందే. పడుతుందిలే,” అన్నాడు. “మీ అమ్మకు నేను చెప్తాను.”

చెప్పాడు. ఏమని చెప్పాడో నాకు తెలియదు. మర్నాడు మధ్యాహ్నం గువ్వను తీసుకుని వెళ్ళేసరికి అమ్మ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి లేచి, గోడ దగ్గరకు వెళ్ళి, మేకుకున్న గొడుగు తీసేసింది. ఫ్రేము నాన్నే తగిలించాడు. కాస్త వెనక్కి జరిగి, వంకరగా ఉందేమో చూసి, సరిచేశాడు.

“నీ పిల్లికి ఆగని పిల్ల లేదనేవాడివిగా. ఈ ఒక్కదానికే చప్పుడు వినపడలేదు,” అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆయన్ని పొడవాలనే అన్నానేమో.

నాన్న గోడంతా ఒకసారి చూశాడు. “ఎవరికి వినపడిందే?” అన్నాడు. “ఇంతమంది ఉన్నారు కదా ఇక్కడ. పిల్లి అడుగుల చప్పుడు వీళ్ళలో ఎవరికి వినపడిందో చెప్పు.”

నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను. డ్రైవరు నిక్కరులో ఉన్నాడు, లేని చప్పుడును చెవులప్పగించి వింటున్నాడు. పక్క వరసలో నేనున్నాను. మా మధ్య గువ్వ, నాన్న గొంతు మీద చెయ్యి పెట్టుకుని.

అప్పుడే వెనక ధడేల్‌మని చప్పుడైంది. గువ్వ స్టాండు కాలు పట్టుకుని లాగింది. కెమెరా దాని మీద లేదు కాబట్టి బతికిపోయాం. స్టాండు నేల మీద పడి ఉంది. గువ్వ వీపు మాకేసి పెట్టి, ఏమీ ఎరగనట్టు బల్బుల పెట్టెలో చెయ్యి పెడుతోంది.

“ఏయ్ దొంగా!” అని అరిచాడు నాన్న ఇంటి కప్పు అదిరేలా. “ఎన్నిసార్లు చెప్పాను దాని జోలికి పోవద్దని? కాలు విరిగితే ఎవరు కొనిపెడతారే, మీ నాన్నా? రానీ నీ పని చెప్తా...”

మధ్యలో ఆగిపోయాడు. గువ్వ తిరగలేదు.

అమ్మ చేతిలో గొడుగు చేతిలోనే ఉండిపోయింది. నేను ఆయన మొహాన్ని చూడదలచుకోలేదు, కానీ చూశాను. తల ఎటూ వాలలేదు. చరచరా నడిచి గువ్వ దగ్గరకు వెళ్ళాడు. భుజాలు పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని దాని ఎత్తుకు దిగాడు. ఒక చేత్తో దాని అరచేతిని గొంతు మీద పెట్టుకుని, రెండో చేతి చూపుడు వేలు దాని ముక్కు ముందు ఆడిస్తూ, కళ్ళు ఉరిమి, మొదట్నుంచి మళ్ళీ తిట్టాడు. ఒక్క ముక్క కూడా వదల్లేదు. మీ నాన్న కొనిపెడతాడా అన్నది కూడా వదల్లేదు. గువ్వ కింది పెదవి ముందుకు వచ్చింది. కప్పు పగిలిన రోజు నుంచీ అది ఎదురుచూస్తున్న తిట్టు అదే.

గువ్వ భోరుమంది. దాని వెనకే నేనూ భోరుమన్నాను.